లాన్ ఎండింది... వాకిలి నవ్వింది!

అమ్మ చెయ్యి విరిగిందని ఫోన్ వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. పొద్దున్నే వాకిట్లో సాన్పు చల్లుతుంటే కాలు జారిందట. జారింది ఎక్కడో కాదు. ‘ఫొటోల్లో అదిరిపోవాలి’ అని నేను ఏరికోరి వేయించిన నున్నటి టైల్స్ మీదే!

మాది కేతేపల్లి. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వెళ్తుంటే నకిరేకల్ దాటాక, సూర్యాపేట రాకముందే వస్తుంది. మూసీ ప్రాజెక్టు మా మండలంలోనే ఉంది. అయినా ఎండకాలం వస్తే మా బోరు గుక్కిళ్లు మింగుతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఇంటి ముందు లాన్ వేయించిన ఘనుణ్ని నేనే. ఆ తప్పు ఎలా దిద్దుకున్నానో చెప్తాను. సొంతూళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లు, అమ్మానాన్నల కోసం ఇంటి ముందు ఏదో ఒకటి చేద్దామనుకునేవాళ్లు చదవండి. కనీసం మీ డబ్బులైనా మిగులుతాయి.

ఫోన్‌లో చూసి కట్టిన వాకిలి

కొత్త ఇల్లు అయ్యాక ముందు భాగంలో ముప్పై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు జాగా మిగిలింది. మూడు నెలలు ఫోన్‌లో ఫొటోలు సేవ్ చేసి పెట్టుకున్నాను. సగం పచ్చటి గడ్డి, సగం మెరిసే టైల్స్, మధ్యలో రెండు లైట్లు. వానకాలంలో పని చేయించాను. దసరాకు ఫొటో పెడితే లైకులే లైకులు.

అమ్మ మాత్రం గడ్డి చుట్టూ ఓసారి తిరిగి, "గిది మేకలకన్న పనికొస్తదా కొడుకా?" అంది. నవ్వేసి ఊరుకున్నా. "ముగ్గు యాడ ఎయ్యాలె మరి?" అనీ అడిగింది. టైల్స్ మీద స్టిక్కర్ ముగ్గు అతికించొచ్చని చెప్పా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

సంక్రాంతి దాటేసరికి గడ్డి అంచులు ఎర్రబడ్డాయి. ఫిబ్రవరిలో అమ్మ జారిపడింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాక పక్కింటి పెద్దమ్మ అసలు సంగతి చెప్పింది. బోరు సరిగ్గా పోయకపోయేసరికి నెలరోజుల నుంచి అమ్మ నల్లా నీళ్లు బిందెలతో మోసి గడ్డికి పోస్తోందట. ఎందుకమ్మా అంటే ఒకటే మాట: "నువ్వు పైసలు పెట్టినవ్ గదా. ఎండిపోతే నీ పానం ఉసూరుమంటదని పోసిన."

నాకు మాట రాలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాల నడుములు వంగిన జిల్లా మాది. ఇంటికి మంచినీళ్లు రావడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు తెలుసు. అట్లాంటి నీళ్లను అరవయ్యేళ్ల మనిషి మోసి గడ్డికి పోసింది, నా ఫొటో కోసం.

పది బిందెల లెక్క

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. లాన్ వేసింది దాదాపు 28 చదరపు మీటర్లలో. ఎండకాలంలో గడ్డి పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్లయినా కావాలి. అంటే 140 లీటర్లు. పదిహేను లీటర్ల బిందె అనుకుంటే పది బిందెల దాకా మోయాలి. అదీ ప్రతి రోజూ.

ఇంకో లెక్క కూడా చేశాను. మా వైపు ఏడాదికి ఉజ్జాయింపుగా 700 మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుందాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా ఇంటి స్లాబు 100 గజాలు, అంటే 83 చదరపు మీటర్ల పైనే. మొత్తం 58 వేల లీటర్లు! ఆవిరి పోను, వృథా పోను సగమే చేతికొచ్చిందనుకున్నా 29 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే దాదాపు ఆరు. ఆ నీళ్లన్నీ టైల్స్ మీదుగా జారి నేరుగా రోడ్డు మీదికి పోతున్నాయి. పైన పడ్డ నీళ్లను బయటికి తోలి, కింది నీళ్లను తోడి గడ్డికి పోస్తున్నామన్నమాట.

అమెరికాలోనే పీకేస్తున్నారు!

ఫీనిక్స్‌లో ఉండే మా చిన్నాన్న కొడుక్కి ఈ గోడు చెప్పుకుంటే పడీపడీ నవ్వాడు. "అన్నా, నువ్వు కొత్తగా వేసినవ్. ఇక్కడ ఉన్నదే పీకేస్తున్నరు" అన్నాడు. అతని ఇంటి ముందు అంతా కంకరే. మధ్యమధ్య ఎడారి మొక్కలు.

వెతికితే తెలిసింది. తక్కువ నీళ్లతో అందంగా తోట పెంచే పద్ధతికి అక్కడ ‘జెరిస్కేపింగ్’ అని పేరుంది. డెన్వర్ నగర నీటి సంస్థ 1981లో పెట్టిన పేరది. లాస్ వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్రమైతే 2021లో చట్టమే చేసింది. రోడ్ల పక్కన, ఆఫీసుల ముందు ఎవరూ నడవకుండా ఊరికే అందం కోసం పెంచే గడ్డిని 2026 చివరికల్లా తీసేయాలని దాని సారాంశం.

ఆ పద్ధతి సూత్రాలు చదువుతుంటే మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది. ఊడ్చిన మట్టి వాకిలి, మూలకు వేపచెట్టు, అంట్లు తోమిన నీళ్లు పారే చోట కరివేపాకు, గోడ పక్కన గోరింట. దానికి పేరు పెట్టలేదంతే. ఈసారి ఫోన్ పక్కన పెట్టి, అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి అడిగాను, నీకెట్లుండాలె అని. "వాకిలంటే ముగ్గు పడాలె, నలుగురు కూసోవాలె, పండుగకు పువ్వు దొరకాలె" అంది. ఆ మూడు ముక్కలే మా ప్లాన్.

ముందు నీళ్లు, తర్వాతే మొక్కలు

ఏప్రిల్‌లో గడ్డి తీసేశాం. మొదట చేసిన పని ఇంకుడు గుంత. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. అడుగున పెద్ద రాళ్లు, దాని మీద 40 ఎంఎం కంకర, ఆపైన 20 ఎంఎం, చివర దొడ్డు ఇసుక వేసి పైన అడుగు ఖాళీ వదిలాం. స్లాబు పైపును అందులోకి మళ్లించాం. పునాదికి ఆరేడు అడుగులైనా దూరంగా ఉండాలి. సెప్టిక్ ట్యాంకు పక్కన అసలే వద్దు.

ఒక్క గుంతతో బోరు పొంగిపొర్లుతుందని నేను చెప్పను. కానీ మా ఇంటి వాన రోడ్డు మీదికి పోవడం మాత్రం ఆగింది.

నడిచే దారి, ముగ్గు జాగా

టైల్స్ తీయించి గేటు నుంచి గడప దాకా తాండూరు బండలు పరిపించాను. కింద సిమెంటు లేదు, ఇసుక పరుపే. బండకూ బండకూ మధ్య మూడు వేళ్ల సందు వదిలాం. వాన నీళ్లు ఆ సందుల్లోంచి దిగిపోతాయి. బండలు గరుకుగా ఉన్నవే ఏరుకున్నాం. తడిసినా కాలు జారదు.

దారికి ఒక పక్కన పదడుగుల చదరం ఖాళీగా వదిలాం. ఎర్రమట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాం. అది అమ్మ ముగ్గు జాగా. రెండో పక్కన మొక్కలు.

మొక్కల్ని కూడా నీళ్ల లెక్కనే గుంపులు చేశాం. కొంచెం నీళ్లు అడిగేవి నల్లా దగ్గర, అస్సలు అడగనివి ప్రహరీ పక్కన. అన్నీ కలిపి నాటితే ఒకదానికి పోసే నీళ్లకు ఇంకోటి కుళ్లిపోతుంది.

మా వాకిట్లో నిలిచినవి ఇవీ

మిరుగు పడ్డాక, అంటే జూన్‌లో తొలి వానలు కురిశాక నాటాం. ఎండల్లో నాటితే నీళ్ల కూలీ తప్పదు.

తంగేడు: మన రాష్ట్ర పుష్పం. గుట్టల మీద ఎవరు నీళ్లు పోస్తే పెరిగింది? మేకలు కూడా పెద్దగా ముట్టవు. వేరు లోతుకు దిగుతుంది కాబట్టి పెద్ద మొక్కను పీకి తెచ్చి నాటితే బతకడం కష్టం. గింజల్ని వేడినీళ్లలో పోసి రాత్రంతా నాననిచ్చి నాటాల్సిన చోటే విత్తుకోవాలి.

కాగితం పూలు: నీళ్లు ఎక్కువైతే ఆకులేస్తుంది, తక్కువైతే పూలేస్తుంది. ఎండ బాగా తగలాలి. ముళ్లుంటాయి కనుక నడిచే దారికి దూరంగా పెట్టండి.

బిళ్ల గన్నేరు: ఒకసారి నాటితే చాలు, గింజ రాలి తనే మొలుస్తుంది. చేదు కాబట్టి పశువులు తినవు.

నాచు పూలు: గడ్డి పరిచినట్టు నేలను కప్పేస్తాయి. చిన్న తుంచు గుచ్చినా బతుకుతుంది. లాన్ పోయిందన్న నా బాధ తీర్చింది ఇదే.

సీతాఫలం: పాలమూరు బాలానగర్ పండ్ల పేరు వినే ఉంటారు. రాతి నేలలో కూడా వస్తుంది, ఆకును మేక ముట్టదు. ఒక మూలకు ఒక్కటి చాలు.

నందివర్ధనం, కరివేపాకు, తులసి: ఇవి కాస్త నీళ్లు అడిగేవి. నల్లా దగ్గర పెట్టాం. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు వీటికే.

గునుగు, బంతి: ప్రతి వానకాలం గింజలు చల్లితే సరి. పండుగకు పువ్వు రెడీ.

మొదటి ఏడాది నీళ్లు పోయక తప్పలేదు. దానికో ఉపాయం ఉంది. మట్టి కుండకు అడుగున చిన్న చిల్లు పెట్టి, గుడ్డ ఒత్తి దూర్చి మొక్క పక్కన మెడ దాకా పాతాలి. నింపి మూత పెడితే నీళ్లు మెల్లగా వేరుకు చేరతాయి. మా దగ్గర మూణ్నాలుగు రోజులకోసారి నింపితే సరిపోయింది. మూత మాత్రం మర్చిపోవద్దు, దోమలు చేరతాయి.

మొదళ్ల చుట్టూ వరిగడ్డి, పల్లికాయ పొట్టు పరిచాం. ఎండకు మట్టి ఆరదు, కలుపు తగ్గుతుంది. చెదలు వస్తాయన్న భయముంటే కాస్త వేపపిండి కలపండి.

ఇవి మాత్రం వద్దు

‘నీళ్లు పోయకున్నా పచ్చగా ఉంటుంది’ అని కోనోకార్పస్ అంటగడతారు. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దని నిషేధించింది. ఇంటి ముందుకు అసలే వద్దు. ఎర్ర గన్నేరు అందంగా ఉంటుంది, మొండిది కూడా. కానీ చెట్టంతా విషమే. చిన్నపిల్లలు, పశువులు తిరిగే చోట పెట్టకండి. అలంకారమని రాళ్లు కుప్పలుగా పోయకండి. మన దగ్గర వాటిలోకి ముందు చేరేది తేళ్లూ పాములే. మొత్తం సిమెంటు చేయడం కూడా తక్కువ పని కాదు. ఎండకు ఇల్లు పెనంలా కాలుతుంది, వానకు నీళ్లు గడప ఎక్కుతాయి.

పని ఎంత?

అసలు పని లేదంటే అబద్ధం. వానలు పడ్డాక రెండుసార్లు కలుపు తీయాలి. వానలు వెనకబట్టాక కాగితం పూల కొమ్మలు కత్తిరించాలి. మిరుగుకు ముందు ఇంకుడు గుంత మీది మట్టి, చెత్త తీసేయాలి. ఇవన్నీ నేను ఊరికొచ్చిన వీకెండ్లలో చేసే పనులే. రోజువారీ పనంటే అమ్మ ఊడ్చుకోవడం, ముగ్గు. అది పనంటే అమ్మ ఒప్పుకోదు.

నా చిన్నప్పుడు బతుకమ్మకు పువ్వు తేవాలంటే సైకిలేసుకుని గుట్ట దాకా పోయేవాళ్లం. ఇప్పుడు ఆ చెలకల్లో చాలావాటికి ప్లాట్ల రాళ్లు పాతారు. తంగేడు కోసం ఇంకా దూరం పోవాల్సి వస్తోంది.

నిరుడు ఎంగిలిపూల రోజు పొద్దున ఊరికి చేరేసరికి అమ్మ ప్రహరీ పక్కన తంగేడు కొమ్మలు వంచి పూలు తెంపుతోంది. విత్తిన రెండో ఏడాది అది. విరిగి అతికిన చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. అందుకే కొమ్మలు నేను వంచి పట్టుకున్నా. పక్కింటి పెద్దమ్మ తాంబాళంతో వచ్చి, "మాక్కూడ జరన్ని ఉంచు" అంది.

సాయంత్రం ఆ పదడుగుల మట్టి జాగాలో ముగ్గేసి బతుకమ్మను పెట్టారు. వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ తిరిగి ఆడుతుంటే ఫొటో తీద్దామని ఫోన్ తీశా. "ఫొటోలు తర్వాత దియ్యి గని, కుర్చీలు తీస్కరాపో" అంది అమ్మ.

ఫోన్ జేబులో పెట్టి కుర్చీల కోసం లోపలికి వెళ్లాను.