పగడపు తొట్టిలో సున్నపు లెక్క

గాజు తొట్టిలో సముద్రపు నీరు నింపి పగడపు జీవులను పెంచుట చేపలను పెంచినంత సులభము కాదు. చేపకు మేత వేసిన చాలును. పగడపు జీవికి ఇల్లు కట్టుకొను సామగ్రిని కూడ మనమే సమకూర్చవలెను. ఆ ఇల్లు కాల్షియం కార్బొనేట్, అనగా సున్నపురాతిలోని పదార్థమే. (మన దేశమున గట్టి పగడపు జీవులు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నవి. ఇంటి తొట్టి కొరకు వాటిని సేకరించుట నేరమని మిత్రులు గ్రహింతురు గాక.)

జీవి నీటినుండి తీసుకొనునవి రెండు: కాల్షియం, బైకార్బొనేట్. రెండవదానిని క్షారత అను కొలతచే తెలుసుకొందుము. సముద్రజలమున లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 2.5 మిల్లీతుల్యాంకముల క్షారత ఉండును. పగడము పెరుగునప్పుడు 20 మిల్లీగ్రాముల కాల్షియమునకు 1 మిల్లీతుల్యాంకపు క్షారత ఖర్చగును. ఈ లెక్కను నిదానించి చూడవలెను. కాల్షియం నిల్వలో ఇరవయ్యవ వంతు తగ్గునప్పటికి క్షారతలో ఐదింట రెండు వంతులు హరించిపోవును! కాల్షియం పరీక్షలో లోపమేమియు కనబడకున్నను జీవులు క్షీణించుటకు తరచు కారణమిదే. అపారమైన సముద్రమున ఈ లోటు తెలియదు. 200 లీటర్ల తొట్టిలో కొద్ది దినములకే తెలియును. కనుక తరచుగా కొలవవలసినది క్షారతనే అని మా అభిప్రాయము. అది తెలిసిన గాఢత గల ఆమ్లముతో చేయు అంశమాపనమే; బ్యూరెట్ పట్టిన విద్యార్థికి కొత్త విద్య కాదు.

రెండింటిని తగిన పాళ్లలో ఒకేసారి ఇచ్చు పదార్థము మనకు చిరపరిచితమే: ఉర్దూలో చూనా, తెలుగులో సున్నము. స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడును మంచినీట కలిపి తేర్చినచో పైతేటలో లీటరుకు సుమారు 1.5 గ్రాములు కరిగియుండును. తొట్టినీటిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి అది బైకార్బొనేటుగా మారును. ఇట్టి తేట 5 లీటర్లు పోసినచో 200 లీటర్ల తొట్టిలో పైన చెప్పిన 20 మిల్లీగ్రాముల లోటు, 1 మిల్లీతుల్యాంకపు లోటు రెండును తీరును.

కాని తొందర పనికిరాదు. తేట పి.హెచ్. 12 దాటును. ఒక్కసారిగా కుమ్మరించినచో తొట్టినీరు పాలవలె తెల్లబారి, అంతకుముందు కరిగియున్న కాల్షియం కూడ మడ్డియై అడుగునకు దిగును, జీవులకు ప్రాణాపాయము. ఆవిరియైన నీటికి బదులుగా, పి.హెచ్. తగ్గియుండు రాత్రివేళ, చుక్కచుక్కగా వదలవలెను. తేటను మూతపెట్టి ఉంచవలెను. పైన తెల్లని పొర కట్టినచో గాలిలోని బొగ్గుపులుసు వాయువు సోకి కొంత సున్నము వృథాయైనదని తెలియవలెను. ఆ పొరను కదపక అడుగు మడ్డిని విడిచి, నడిమి తేటనే వాడవలెను.