సముద్రానికి వీపు త్రిప్పిన పితరులు

భారీ బరువులను కదిలించే పనితో పరిచయమున్న మన ఉద్యోగ మిత్రులకు ఒక్క విషయం చెబితే చాలు, ఆసక్తి కలుగుతుందని మా నమ్మకం. ఇనుప పనిముట్టు లేదు, బండిచక్రం లేదు, కాడికి కట్టే ఎద్దు లేదు. అయినప్పటికీ సుమారు 10 మీటర్ల ఎత్తు, 80 టన్నుల బరువు గల రాతి విగ్రహాన్ని కొండ దగ్గర చెక్కి, దూరాన ఉన్న తీరానికి చేర్చి నిలబెట్టారు. ఆ ఘనకార్యం చేసినవారు పసిఫిక్ మహాసముద్రంలోని రాపా నూయి ద్వీపవాసులు.

చిలీ దేశానికి పడమరగా దాదాపు 3,500 కిలోమీటర్ల దూరంలో, 163 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్నదీ ద్వీపం. 1722లో డచ్చి నావికుడు రోగెవీన్ ఈస్టరు పండుగనాడు దీనిని చూచినందున లోకానికి ఈస్టర్ ద్వీపమైనది. అక్కడివారికి మాత్రం అది రాపా నూయియే.

‘మోయై’ అని పిలువబడే ఈ విగ్రహాలు సుమారు వెయ్యి వరకు ఉన్నాయి. వాటిలో నాలుగు వందల దాకా రానో రరాకు అనే అగ్నిపర్వతపు రాతిగనిలోనే ఉండిపోయాయి. ఇవి దేవతామూర్తులు కావు, వంశకర్తలైన పితరులు. అందుకే తీరాన వేదికలపై నిలిచినవి దాదాపు అన్నీ సముద్రానికి వీపు త్రిప్పి, తమ సంతతి నివసించే ఊరివైపు చూస్తుంటాయి. తెల్లని పగడపు కన్నులు అమర్చినప్పుడే విగ్రహంలో శక్తి మేల్కొంటుందని వారి విశ్వాసం. మన నేత్రోన్మీలనం గుర్తుకు రాక మానదు.

విగ్రహాలు నడిచి వచ్చాయని ద్వీపవాసులు చెప్పుకునేవారు. 2012లో పరిశోధకులు ఐదు టన్నులకు కాస్త తక్కువ బరువున్న నమూనాకు తాళ్ళు కట్టి, పద్దెనిమిది మందితో ప్రక్కలకు ఊపిస్తూ నిజంగానే నడిపించారు! పండితులందరూ ఈ పద్ధతిని ఒప్పుకోలేదు. మాకు మాత్రం ముచ్చటగా తోచింది.

చెట్లు నరుక్కుని, తమలో తాము పోరాడుకుని ఈ జాతి నశించినదని చాలాకాలం చదువుకున్నాము. 2024లో వెలువడిన జన్యు పరిశోధనలో పదిహేడవ శతాబ్దిలో జనాభా కూలిపోయిన ఆనవాలు కానరాలేదు. అసలు విపత్తు పడవలలో వచ్చినది. 1862లో పెరూ నుండి వచ్చిన బానిస వ్యాపారులు సుమారు 1,500 మందిని పట్టుకుపోయారు. తిరిగి వచ్చిన కొద్దిమందితో మశూచి దిగినది. 1877 నాటికి ద్వీపంలో మిగిలినవారు 111 మంది. కొయ్యపలకలపై చెక్కిన రోంగోరోంగో లిపిని చదువగలవారు కూడా ఆ పోయినవారిలోనే ఉన్నారు. 1932లో హెవెసీ అనే హంగేరీ పండితుడు ఈ లిపిని మన సింధు ముద్రలతో పోల్చి సంచలనం కలిగించాడు. వేలాది సంవత్సరాలు, వేలాది మైళ్ళు అడ్డు వచ్చి ఆ వాదం నిలువలేదు. రెండు లిపులూ నేటికీ మూగవే.

1888లో ద్వీపం చిలీ వశమయినది. ఆపై భూమి గొర్రెల పెంపకానికి పోయి, ప్రజలు హంగా రోవా అనే ఒక్క ఊరికి పరిమితమయ్యారు. వారికి పూర్తి పౌరసత్వం 1966లో గాని దక్కలేదు.

1960 నాటి ఉప్పెన తోంగరికి వేదికమీది పదిహేను విగ్రహాలను లోపలికి విసిరివేసినది. 1990వ దశకంలో ఒక జపాను సంస్థ సమకూర్చిన క్రేనుతో వాటిని తిరిగి నిలబెట్టారు. కాని అన్ని పితరులూ ఇంట లేరు. 1868లో బ్రిటిషు నౌక తీసుకుపోయిన హోవా హకననాయియా లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాడు. 2018లో ద్వీప ప్రతినిధులు అక్కడికి వెళ్ళి, తమ పెద్దను పంపుమని కోరారు. బదులుగా కొత్త విగ్రహం చెక్కి ఇస్తామన్నారు. ఆయన ఇంకా తిరిగి రాలేదు.

2017లో పురావస్తు ఉద్యానవన నిర్వహణ స్థానికుల సంస్థయైన మావు హెనువా చేతికి వచ్చినది. 2022 అక్టోబరులో రానో రరాకు చుట్టూ రేగిన కార్చిచ్చు అనేక విగ్రహాలను కాల్చి పగుళ్ళు తెప్పించినది. ఆ మరుసటి ఫిబ్రవరిలో, అదే కొండలోని ఎండిన చెరువు అడుగున, ఎవరి లెక్కలోనూ లేని ఒక చిన్న మోయై బయటపడినది. ప్రక్కకు ఒరిగి, ఆకాశం వైపు చూస్తూ ఉన్నది.