కంప్యూటరు చీటీ – సభ్యుల హక్కు

"కంప్యూటరు చెప్పిన లెక్కకు తిరుగేముంది?" అని సభ్యులు అనగా మేము తనిఖీలలో తరచు వింటున్నాము. ఈ నమ్మకం పూర్తిగా సరికాదు. యంత్రం కూడికలో పొరపడదు. కాని దానికి సభ్యుని నెంబరు, రేటు అందించేది మనిషే. పరీక్ష యంత్రాన్ని సరిగా కడగకున్నా, ఎప్పటికప్పుడు సరిచూడకున్నా వెన్న శాతం తప్పుగా రావచ్చు.

వెన్నను బట్టి ధర కట్టే సంఘాన్ని తీసుకుందాం. 5 కిలోల పాలలో వెన్న 6 శాతమైతే 300 గ్రాములు. కిలో వెన్నకు రూ. 800 అనుకుంటే రూ. 240 రావాలి. 6కు బదులు 5.6 పడితే రూ. 224 మాత్రమే వస్తుంది. రెండు పూటలా ఇలాగే జరిగితే 30 రోజులకు రూ. 960 నష్టం!

కావున పాలు పోయగానే చీటీ అడిగి తీసుకోవాలి. నెంబరు, పూట, కొలత, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, మొత్తం చూసుకోవాలి. అనుమానముంటే పాలు కలపకముందే మళ్ళీ పరీక్షించమనాలి. చీటీలు దాచి, బ్యాంకులో పడిన సొమ్ముతో సరిచూడాలి. సందేశాలు పంపే సంఘాలలో మీ ఫోను నెంబరే నమోదైందో లేదో విచారించాలి. చదువురాని వారికి కార్యదర్శి చీటీ చదివి వినిపించాలి.

లెక్క అడగటం తగాదా కాదు. సంఘం మనది, లెక్కా మనదే.