ఎనిమిది అంటే ఎంత?

రోగి రక్తంలో క్యాండిడా అనే ఈస్ట్ దొరికింది. దానిమీద ఫ్లూకొనజోల్ పనిచేస్తుందా? ఈ ప్రశ్నకు ల్యాబ్ ఇచ్చే జవాబు ఒక అంకె, ఎంఐసీ. ఈస్ట్ పెరుగుదలను అడ్డుకోవడానికి మిల్లీలీటరుకు కనీసం ఎన్ని మైక్రోగ్రాముల మందు కావాలో అది చెబుతుంది. 1980లలో ఈ అంకెను నమ్ముకునే వీలు లేదు. ఒకే ఈస్ట్‌ను రెండు ల్యాబులకు పంపితే పొంతన లేని జవాబులు వచ్చేవి. ఏ ద్రవంలో పెంచాలి, ఎన్ని కణాలు వేయాలి, ఎన్ని గంటలాగి చూడాలి అన్నవి ఎవరిష్టం వారివి.

అమెరికాలో ల్యాబు ప్రమాణాలు తయారుచేసే ఎన్‌సీసీఎల్‌ఎస్ (ఇప్పటి సీఎల్‌ఎస్‌ఐ) ఏళ్లతరబడి కూర్చుని 1997లో ఎం27-ఎ పద్ధతిని ఖాయం చేసింది. ఆర్‌పీఎంఐ 1640 ద్రవం, పీహెచ్ 7.0, 35 డిగ్రీల వేడి, మిల్లీలీటరుకు 500 నుంచి 2,500 కణాలు. ఎంఐసీ ఎంత రావాలో ముందే తెలిసిన రెండు క్యాండిడా స్ట్రెయిన్లను కూడా పక్కనే పరీక్షించాలి. వాటి అంకె గాడి తప్పితే మిగతా ఫలితాలనూ పక్కన పెట్టాల్సిందే.

అసలు చిక్కు ఫలితాన్ని కంటితో చూసి తేల్చడం దగ్గర వచ్చింది. ప్లేటులోని ఒక్కో గుంటలో ఒక్కో మోతాదు మందు పోసి, ఎక్కడ పెరుగుదల ఆగిందో చూడాలి. ఫ్లూకొనజోల్ ఈస్ట్‌ను చంపదు, పెరగనివ్వదు, అంతే. అందుకని కొన్ని స్ట్రెయిన్లకు ఎంత మందు పోసినా ప్లేటు గుంటల్లో మడ్డి పలచబడుతుందే తప్ప పూర్తిగా పోదు. దీన్ని ట్రెయిలింగ్ అంటారు. గుంట తేటపడేదాకా చూస్తే మందుకు లొంగే ఈస్ట్ కూడా మొండిదని తేలుతుంది. 48 గంటలు ఆగితే ఇంకా ఎక్కువ. అందుకే ఇప్పుడు 24 గంటలకే చూసి, పెరుగుదల సగానికి తగ్గిన గుంటను లెక్కలోకి తీసుకుంటున్నారు. యాంఫోటెరిసిన్-బి అనే మరో మందు విషయంలో ఈ తగవు లేదు, గుంట పూర్తిగా తేటపడాలి.

యూరప్‌లో ఇదే పని చేసే యూకాస్ట్ సంస్థ మరో దారి పట్టింది. గ్లూకోజు పెంచింది, కణాలను సుమారు వంద రెట్లు చేసింది, చూసే పనిని కంటికి కాక యంత్రానికి అప్పజెప్పింది. ప్రమాణం ఒకటే ఉండాలని మొదలైన పని రెండు ప్రమాణాల దగ్గర ఆగడం నాకు కాస్త నవ్వు తెప్పిస్తుంది. రెంటి అంకెలూ చాలావరకు దగ్గరగానే వస్తాయి గానీ, ఈస్ట్ మందుకు లొంగుతుందో లేదో తేల్చే హద్దు అంకెలు ఎవరివి వారివే; ఒకరి అంకెను మరొకరి హద్దుతో చదవకూడదు.

ఆ హద్దులైనా కదలకుండా లేవు. ఒకప్పుడు సీఎల్‌ఎస్‌ఐ లెక్కలో ఫ్లూకొనజోల్ ఎంఐసీ 8 వస్తే ‘లొంగుతుంది’. తర్వాత సవరించిన లెక్కలో, క్యాండిడా ఆల్బికన్స్‌కు అదే 8 ‘లొంగదు’. పాత రిపోర్టు చూసే డాక్టరు అది ఏ ఏటిదో కూడా చూడాలి.

కాస్పోఫంజిన్ అనే ఇంకో మందుతో పేచీ మరీ ముదిరింది. పద్ధతి ఒకటే పాటించినా ల్యాబుకో అంకె వస్తుండటంతో యూకాస్ట్ ఆ మందుకు హద్దు పెట్టడమే మానుకుంది. అదే కుటుంబానికి చెందిన అనిడులాఫంజిన్, మైకాఫంజిన్ ఫలితాలు చూసి నిర్ణయించుకోమంటోంది.