పంటకాపు తుపాకియు, తుపాకిమందును

నల్లమల యంచుననున్న యెఱ్ఱగొండపాలెము, మార్కాపురము, మాచర్ల ప్రాంతముల కర్షకునకు విత్తినది మొదలు పంట కల్లము చేరువఱకు కంటికి నిద్ర యుండదు. వేరుసెనగకును మొక్కజొన్నకును దిగివచ్చు అడవిపందులు త్రోవలోని ప్రత్తి, మిరప చేలను సైతము త్రొక్కివైచును. మంచెపై డప్పు మ్రోయించుట, ఒడిసెల త్రిప్పుట, తుదకు నాటుతుపాకి ప్రేల్చుట మనవారు చిరకాలముగ నెఱిగిన యుపాయములు.

1878 నాటి ఆయుధశాసనము ఐరోపీయులకు మినహాయింపునిచ్చి, భారతీయుని చేతికి మాత్రము సంకెల వేసినది. దానిని సడలింపవలయునని 1887లో చెన్నపురి కాంగ్రెసు కోరెను. నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కులలో చేర్చెను. స్వతంత్రభారతమున 1959 శాసనము ఆ పాతశాసనమును త్రోసివేసినది. దాని 13వ ప్రకరణము పంటకాపుదలకై మూతినుండి మందు దట్టించు తుపాకిని పేర్కొని, అనర్హత లేనివానికి లైసెన్సు నీయవలయునని చెప్పుచున్నది. అది చాలదని అధికారికి తోచినచో, వేఱొక నునుపుగొట్టపు తుపాకికైనను అనుమతి నీయవచ్చును.

ఇక మందుమాట. సురేకారము, గంధకము, బొగ్గు కలిసినదే తుపాకిమందు. పదునేడవ శతాబ్దమున డచ్చివారు పులికాటులో దీనిని తయారుచేయించిరి. 1884లో ఫ్రాన్సున పొగలేని మందు పుట్టినపిదప సైన్యములు దీనిని విడనాడినవి. దీనిలో సగమునకు పైగా వాయువుగా మాఱక, పొగగను మసిగను మిగిలిపోవును. ఆ మసి తేమను పీల్చి గొట్టమును తినివేయును. నిప్పురవ్వ సోకినంతనే అంటుకొనును.

కొందఱు ఈ మందును రహస్యముగ కొని, వాడిన తూటాలను మరల నింపుచున్నారు. ఇది రెండువిధముల చేటు. అనుమతిలేక తూటాలు చేయుటను 5వ ప్రకరణము నిషేధించుచున్నది. అంతకుమించి, పొగలేని మందు బలము వేఱు. నల్లని మందు కొలతతో దానిని దట్టించినచో గొట్టము పగిలి, పట్టినవాని చేయియే పోవును.

ఆ చేయి ఎవరిది? మంచెపై రాత్రి గడపువాడు భూస్వామి కాడు, పాలేరు. లైసెన్సులో పేరు లేనివానికి తుపాకి నప్పగించి, ఊరూపేరూ లేని మందునిచ్చి కావలికంపు యజమాని, తన పంటకై పరుని ప్రాణమును పందెమొడ్డుచున్నాడు. కంచెకు విద్యుత్తీగ తగిలించువాని పాపమును ఇట్టిదే. ఆ తీగకు పందియు మనిషియు నొక్కటియే.

మఱియొక సంగతి మఱువరాదు. తుపాకికి లైసెన్సున్నంత మాత్రమున వేటకు అనుమతి యున్నట్లు కాదు. పంటకు చేటుతెచ్చు అడవిపందిని చంపుటకు 1972 వన్యప్రాణి శాసనము 11వ ప్రకరణము క్రింద అటవీశాఖ అనుమతి వేఱుగ పొందవలయును.

కావున అధికారులు పంటకాపు దరఖాస్తులను నెలలతరబడి మూలనుంచక, పైరు చేనిలో నుండగనే తేల్చవలయును. మందు బహిరంగముగ, లెక్కతో, అనుమతిగల అంగడిలోనే దొఱకునట్లు చూడవలయును. న్యాయమైన త్రోవ మూసి దొంగత్రోవను నిందించుట పాలకులకు తగదు. త్రోవ తెఱచిన పిదపను దొంగత్రోవ త్రొక్కుట రైతుకును తగదు.