పడవలో ఎవరెవరున్నారు?

మంచం పొడవు 198 సెంటీమీటర్లు, వెడల్పు 80. ఒక గదిలో నలుగురికి మించి పడుకోకూడదు. నలుగురికో మరుగుదొడ్డి ఉండాలి. 24 మీటర్లు, ఆపైన పొడవుండే కొత్త చేపల వేట నౌకల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) ఇంత వివరంగా కొలతలు రాసిపెట్టింది. వారాల తరబడి సముద్రం మీద ఉండే మనిషికి కాళ్లు చాపుకునే చోటుండాలని కూడా రాయాల్సి వచ్చిందంటే, అంతకు ముందు సంగతి ఊహించుకోవచ్చు.

ఈ కొలతలున్నది 188వ నంబరు ఒడంబడికలో. దాని పుట్టుకే కష్టమైంది. 2005లో జెనీవాలో ఓటింగుకు పెడితే అనుకూలంగా 288, వ్యతిరేకంగా 8 ఓట్లు పడ్డాయి. అయినా వీగిపోయింది! 139 మంది ఎటూ తేల్చకుండా ఊరుకోవడంతో కోరానికి ఒక్క ఓటు తక్కువైంది. 2007 జూన్‌లో మళ్లీ పెట్టి నెగ్గించారు. అమల్లోకి వచ్చేసరికి 2017 నవంబరు 16 అయింది.

ఇంతకీ అందులో ఏముంది? పదహారేళ్లు నిండనివాళ్లను వేటకు తీసుకెళ్లకూడదు. మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే నౌకలో రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. వల నిండిన రాత్రి నిద్ర సంగతి ఎవరూ తలచుకోని వృత్తిలో ఇది చిన్న షరతు కాదు. పని ఇప్పించినందుకు కూలీ దగ్గర కమీషన్ గుంజకూడదు. డీజిలు, ఐసు ఖర్చులు పోను మిగిలినదాంట్లో వాటా తీసుకునే కళాసీ కూడా ఈ లెక్కలో కార్మికుడే. యజమాని సంతకంతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. జీతమెంత, వాటా ఎంత, జబ్బు చేసినా గాయపడినా ప్రాణం పోయినా ఏమిస్తారు, ఇంటికెలా చేరుస్తారు అన్నవన్నీ అందులో ఉండాలి. ఒక నకలు కూలీకి ఇవ్వాలి.

కాగితాలతో ఏమవుతుందని పెదవి విరిచేవాళ్లకు కేప్‌టౌన్‌లో జరిగింది చెప్పాలి. 2018లో తైవాన్‌కు చెందిన ఫూ షెంగ్ 11 అనే నౌక అక్కడి రేవుకు వచ్చింది. సిబ్బంది ఫిర్యాదు చేశారు. దక్షిణాఫ్రికా అధికారులు ఎక్కి చూస్తే పత్రాలు సరిగా లేవు, పడుకునే చోటు అధ్వానం, తిండి చాలదు, భద్రత అంతంతమాత్రం. నౌకను అక్కడే ఆపేశారు. ఈ ఒడంబడిక కింద ప్రపంచంలో నిలిపేసిన తొలి నౌక అదే. తైవాన్ అసలు ఐఎల్ఓలో సభ్యురాలే కాదు. అయితేనేం, రేవు ఉన్న దేశం ఒడంబడికను ఒప్పుకుంది కాబట్టి తనిఖీ చేసే హక్కు దానికి దక్కింది.

థాయ్‌లాండ్‌ది వేరే దారి. 2015లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు ఇండొనేసియాలోని బెంజినాకు వెళ్లి, బోనుల్లో బంధించిన చేపల కూలీలను ప్రపంచానికి చూపించారు. వాళ్లలో చాలామంది మయన్మార్ వాళ్లు. వాళ్లు పట్టిన చేప థాయ్‌లాండ్ మీదుగా అమెరికా సూపర్‌మార్కెట్లకు చేరేది. ఆ కథనాల తర్వాత 2,000 మందికి పైగా విముక్తులయ్యారు. అదే ఏడాది ఐరోపా సమాఖ్య అక్రమ వేటను కారణంగా చూపి థాయ్‌లాండ్‌ను ‘ఎల్లో కార్డు’తో హెచ్చరించింది. 2019 జనవరిలో ఆ కార్డు తొలగింది. సరిగ్గా ఆ నెలలోనే 188కి ఆసియాలో తొలి ఆమోదముద్ర థాయ్‌లాండ్ వేసింది. మనస్సాక్షి కంటే మార్కెట్ పోతుందన్న భయమే గట్టిగా పనిచేసిందనుకుంటే తప్పేం లేదు. ప్రపంచవ్యాప్తంగా 1,28,000 మంది వేటలో నిర్బంధ చాకిరీ చేస్తున్నారని 2022లో ఐఎల్ఓ అంచనా వేసింది.

మన దగ్గరికొస్తే, శ్రీకాకుళం, విజయనగరం తీరం నుంచి ఏటా వేల మంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి ట్రాలర్ల మీద పని చేస్తారు. అడ్వాన్సు చేతిలో పడ్డాక చాలాచోట్ల నోటిమాటే ఒప్పందం. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లను సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది మన మత్స్యకారులు ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. ‘తండేల్’ సినిమాకు ప్రేరణ ఆ ఉదంతమే. మూడు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. వేల మంది వెరావల్ రేవులో బోట్ల మీదే చిక్కుకుపోతే, ప్రభుత్వం బస్సులు పెట్టి తెచ్చుకోవాల్సి వచ్చింది.

188లోని పదిహేనో అధికరణం చదివితే ఈ రెండు సంఘటనలూ గుర్తుకు రాక మానవు. నౌక బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో సిబ్బంది జాబితా ఒడ్డున అధికారుల చేతికి అందాలంటుందది. సరిహద్దు గొడవను జాబితా ఆపలేదు, నిజమే. పట్టుబడిందెవరు, చిక్కుకున్నదెవరు అన్న ప్రశ్నకు మాత్రం ఆ పూటే జవాబుంటుంది.

సరుకు నౌకల నావికుల హక్కుల ఒడంబడికను భారత్ 2015 అక్టోబరులోనే ఆమోదించింది. ఆ ఒడంబడిక చేపల నౌకలను మినహాయించింది. చేపల కూలీల కోసం తెచ్చిన 188ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. చిన్న చెక్క బోట్లతో ఇవన్నీ అయ్యే పనేనా అని యజమానులు అడగవచ్చు. కొన్ని నిబంధనలను అంచెలంచెలుగా అమలు చేసుకునే వెసులుబాటు అందులోనే ఉంది. జాబితాకూ ఒప్పందానికీ అయితే ఢిల్లీ నిర్ణయం దాకా ఆగనక్కర్లేదు. వచ్చే సీజనుకు వెరావల్ బోటెక్కే ప్రతి కళాసీ చేతిలో సంతకం చేసిన నకలు, అతని పేరు రెండు రాష్ట్రాల మత్స్యశాఖల దగ్గర ఉండేలా ఆంధ్రప్రదేశ్, గుజరాత్ ప్రభుత్వాలు కూర్చుని తేల్చాలి.