ఫ్లోరోసిస్ – సామాజిక నిర్ణాయకాలు: నల్లగొండ అనుభవం

వ్యాస సంగ్రహం:
మనిషి పుట్టి, పెరిగి, పనిచేసే పరిస్థితులు అతని ఆరోగ్యాన్ని చాలావరకు నిర్ణయిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008 నాటి నివేదికలో స్పష్టం చేసింది. ఈ దృష్టితో నల్లగొండ ఫ్లోరోసిస్‌ను పరిశీలించి, నీటి నాణ్యతతోపాటు ఆ నీటిని తాగేవారి శ్రమను, ఆహారాన్ని కూడా విధానాలు లెక్కలోకి తీసుకోవాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫ్లోరోసిస్, నల్లగొండ, తాగునీరు, పోషకాహారం, సామాజిక నిర్ణాయకాలు.

1. ఉపోద్ఘాతం:
ఎముకలను వంచే ఈ వ్యాధిని నాటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాల్లో గుర్తించినట్లు 1937లోనే వైద్య పరిశోధకులు ప్రకటించారు. నల్లగొండ ప్రాంతంలోని గ్రానైటు శిలల నుండి ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. శిల ప్రకృతి సహజం. అయితే ఆ నీటినే తాగవలసిరావడం సామాజిక స్థితి. వేరే నీటిని కొనుక్కోగలిగినవారు తప్పించుకుంటారు. కొనలేనివారు బోరునీటికే కట్టుబడతారు.

2. ప్రమాణం – మోతాదు:
తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మి.గ్రా. మించరాదని, వేరే వనరు లేనిచోట 1.5 మి.గ్రా. వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. 1.5 మి.గ్రా. ఉన్న నీటిని రోజుకు 2 లీటర్లు తాగే వ్యక్తికి 3 మి.గ్రా. చేరితే, ఎండలో పనిచేస్తూ 5 లీటర్లు తాగే వ్యవసాయ కూలీకి 7.5 మి.గ్రా. చేరుతుంది. ప్రమాణం ఇద్దరికీ ఒక్కటే. శరీరంలోకి చేరే మోతాదు ఒక్కటి కాదు.

3. ఆహారం పాత్ర:
నల్లగొండ యువతలో మోకాళ్లు లోపలికి వంగే జానువక్రతను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో వెల్లడించారు. జొన్న ప్రధానాహారమైనవారిలో ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తుందని కూడా ఆ దశకంలోనే గమనించారు. కాల్షియం లోపం వ్యాధిని తీవ్రం చేస్తుంది. పాలు, పోషకాహారం అందని ఇంట్లో అదే నీరు మరింత హాని చేస్తుందన్నమాట.

4. విధానాల క్రమం:
పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరులతో నీటిని శుద్ధిచేసే ‘నల్లగొండ పద్ధతి’ 1970లలో రూపొందింది. దాని ఖర్చు తక్కువే. కాని పటిక మోతాదును నిత్యం సరిచూసే మనిషి, మిగిలిన మడ్డిని తొలగించే ఏర్పాటు గ్రామానికి అవసరం. 2008-09లో జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి జలాలను ఇళ్లకు చేర్చే మార్గాన్ని ఎంచుకుంది. బోరుపై ఆధారపడవలసిన స్థితినే మార్చడం ఇందులోని విశేషం. అయితే కుళాయి నీరు ఆగిన రోజున, లేదా పొలం దగ్గర దాహమైనప్పుడు కూలీ మళ్లీ బోరునే ఆశ్రయిస్తాడు.

5. ముగింపు:
• ఫ్లోరోసిస్ సర్వేలు నీటి నమూనాలతోపాటు వృత్తి, స్త్రీపురుష భేదం, ఆహార వివరాలను నమోదు చేయాలి.
• పని ప్రదేశాలకు, పాఠశాలలకు సురక్షిత జలం అందాలి. పిల్లల భోజనంలో కాల్షియం ఉండాలి.
• ఒకసారి వంగిన ఎముకను సరిచేసే మందు లేదు. కాబట్టి కొత్త కేసులు తగ్గినంత మాత్రాన బాధ్యత తీరదు. ఇప్పటికే వైకల్యం పొందినవారి పింఛను, చికిత్స, ఉపాధి కూడా ఆరోగ్య విధానంలో భాగం కావాలి.